ధర్మవరంలో నేను ఖాళీ చేసిన చెత్తబుట్ట

ధర్మవరంలో ఒక మనిషి పద్దెనిమిదేళ్లు కూర్చుని గీసినదాన్ని నేను ఒక్క మీట నొక్కి తుడిచేశాను. తుడిచేసి, ఆ తర్వాత గంటసేపు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ రోజు సంగతి మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి నన్ను నేను వెనకేసుకు రాకుండా రాయాలి.

నాది హిందూపురం. కంప్యూటర్లు బాగుచేసే అంగడి నడుపుతాను. అంగడిలో పనిచేసేది నేనొక్కదాన్నే. భుజానికి సంచి తగిలించుకుని ఎవరింటికైనా వెళ్తే తలుపు తీసినవాళ్లు ముందు నా వెనక్కి చూస్తారు. "మెకానిక్ యాడమ్మా?" అంటారు. నేనే అంటే, "అట్లనా" అని అనుమానంగా పక్కకు జరుగుతారు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత కోపమొచ్చేది. ఇప్పుడు ఆ కోపమే అలవాటైపోయింది. మనుషుల మీద చూపించలేనిది మిషన్ల మీద చూపిస్తాను. మొండికేసిన కంప్యూటర్‌ని "నీ మొహం మండ" అని ఒక్కసారి తిడితే గానీ నాకు చేయి ఆడదు.

ఈ మధ్య నా దగ్గరికొచ్చే వాటిలో సగం అప్‌డేట్ ఎక్కని మిషన్లే. కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ కావాలంటుంది. సరేనని నొక్కితే గంటసేపు గుండ్రంగా తిరుగుతుంది, ముప్పై శాతం దాకా పోతుంది, ఆగిపోతుంది. ఆగిపోయి, "మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం, కంప్యూటర్‌ని ఆపవద్దు" అని చెప్పి, చేసిందంతా విప్పేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. మర్నాడు మళ్లీ అడుగుతుంది. జనానికి ఇది అంతు పట్టదు. గుడిబండ నుంచి ఒకాయన దిష్టి తగిలిందని ల్యాప్‌టాప్ సంచికి నిమ్మకాయ కట్టి తెచ్చాడు. నిమ్మకాయ సంగతి పక్కన పెట్టి చూస్తే లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఏనాడో వెనక్కి పోయింది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేశాక అప్‌డేట్ ఎక్కింది. ఆయన నిమ్మకాయ తీయకుండానే పట్టుకుపోయాడు. కారణాలు ఎప్పుడూ ఇలాంటివే. తప్పు తేదీ, సగం దిగి ఆగిన ఫైలు, పాత ప్రింటర్ పెట్టే పేచీ, డిస్క్‌లో స్థలం లేకపోవడం. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి. ఓపిక కావాలి. అది నాకు తక్కువ.

నేను అన్నా అని పిలిచే ఆ ధర్మవరం మనిషి పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. వయసు అరవై దాటింది. ఒకప్పుడు గళ్ల కాగితం మీద ఒక్కో గడికీ రంగు నింపి గీసేవాడట. తర్వాత, పద్దెనిమిదేళ్ల కింద, కంప్యూటర్ నేర్చుకున్నాడు. తెర మీద గీసిన బొమ్మను వెనక గదిలో ఉన్న మిషన్‌తో అట్టల మీద చిల్లులుగా కొడతాడు. ఆ అట్టల్ని వరసగా దారంతో కుట్టి మగ్గం పైకి ఎక్కిస్తారు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అలా ఒక్కో అట్టకు ఒక్కో వరస నేసుకుంటూ పోతే కొంగు మీదికి నెమలి దిగుతుంది. ఒక్క చీరకు అట్టలు వందల్లో ఉంటాయి.

ఆయనకొచ్చిన చిక్కు ఏమిటంటే, డిజైన్లు గీసే ప్రోగ్రాం కొత్తది వచ్చింది, పాతది కొన్నాళ్లలో ఆగిపోతుందన్నారు. కొత్తది నడవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ అయి ఉండాలి. ఆ అప్‌డేట్ నాలుగుసార్లు ఎక్కి నాలుగుసార్లు దిగింది. ఊళ్లో ఎవరినో పిలిస్తే మొత్తం తుడిచి కొత్తగా ఎక్కిద్దామన్నాడట. ఈయన భయపడి నాకు ఫోన్ చేశాడు.

పొద్దున్నే రైలుబండెక్కి వెళ్లాను. తువ్వాలుతో కుర్చీ తుడిచి నాకు వేసి, ఆయన నిలబడ్డాడు.

"కూర్చోమ్మా. ఎట్లన్నా చెయ్, దీంట్లో ఉండేది మాత్రం పోకుండా చెయ్. నా బతుకంతా దీంట్లోనే ఉండాది."

"పోదులేన్నా, నేను చూసుకుంటా" అన్నాను. ఈ మాట రోజుకు పదిసార్లు అంటాను.

ఆయన వెనక గదిలోకి పోయి అట్టలు కొట్టుకుంటున్నాడు. ఆ మిషన్ చప్పుడుకు మాట వినపడదు. నేను తేదీ చూశాను, సరిగ్గానే ఉంది. స్కానర్, ప్రింటర్ల వైర్లు పీకాను. సగం దిగి పాడైన అప్‌డేట్ ఫైళ్లు తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. కాసేపటికి స్థలం చాలదని ఆగింది. డిస్క్ తెరిచి చూస్తే నిండుగా ఎర్రగీత. ఇంత స్థలం ఏది తినేసిందా అని వెతికితే రీసైకిల్ బిన్. మనం తీసేసినవన్నీ పోయి పడే చెత్తబుట్ట. డిస్క్‌లో సగం దాంట్లోనే ఉంది.

నాకు నవ్వొచ్చింది. నాలుగుసార్లు దిగిన అప్‌డేట్‌కు రోగం ఇదా అనుకున్నాను. ఎన్నేళ్ల చెత్తప్పా ఇది, ఒక్కరోజైనా ఊడ్చుకోవాలని తోచలేదా ఈ మనిషికి, అని గొణుక్కుంటూ ఖాళీ చేయమని నొక్కాను. ఇవన్నీ శాశ్వతంగా పోతాయి, సరేనా అని అది అడిగింది. ఆ ప్రశ్నను నేను చదవను. సరే అనడం నా వేలికి అలవాటు. బుట్ట ఖాళీ కావడానికే చాలాసేపు పట్టింది. అంతసేపు పడుతున్నప్పుడైనా అందులో ఏముందో చూడాలని నాకు తోచలేదు.

తర్వాత అప్‌డేట్ నల్లేరు మీద బండిలా నడిచింది. నూరు శాతం అయి, కొత్త ప్రోగ్రాం తెరుచుకుంది. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరకు దణ్ణం పెట్టాడు. ఉగ్గాని, బజ్జీ తెప్పించి దగ్గర కూర్చుని తినిపించాడు. "నాలుగుసార్లు దిగిందంటివే అన్నా, జాగా లేకనే దిగింది అది, నా చేతిలో ఒక్కసారే" అని నేను గొప్పలు పోయాను. "నీది మంచి చెయ్యమ్మా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మధ్యాహ్నం బండెక్కాను. పెనుకొండ స్టేషన్లో బండి ఆగేసరికి ఫోన్ మోగింది.

"అమ్మా, చెత్తబుట్ట ఖాళీగా కనపడతాండాది. అప్‌డేట్ చేస్తే అట్ల అయితాదామ్మా?"

ఆ గొంతులో ఏముందో నాకు వెంటనే అర్థం కాలేదు. నోరు దానంతటదే "ఒక్కోసారి అయితాదన్నా" అంది.

నాకు భయమేస్తే అరుస్తాను. అరిచాను. "అయినా చెత్తబుట్టలో ఎవరన్నా పనికొచ్చేవి పెట్టుకుంటారా అన్నా? పారేసినవి గదా ఆడ ఉండేది!"

ఆయన కోప్పడలేదు. నెమ్మదిగా చెప్పాడు. "చీరలు నేయించే శావుకారు వచ్చి ఇట్లా డిజైన్ కావాలంటాడు. నేను గీస్తా. అది ఆయనదే, ఇంకొకరికి ఇయ్యకూడదు. అట్టలు కొట్టి ఇచ్చినాక ఆయన కండ్ల ముందరే తీసేస్తా. ఆయన చూసుకుని పోతాడు. మళ్లా ఎప్పుడో అట్ట చినుగుతాది. వస్తాడు. అప్పుడు బుట్టలోనించి పైకి తెచ్చి, ఆ ఒక్క అట్టా కొట్టిచ్చి, మళ్లా ఆయన ముందరే తీసేస్తా. మా ఊర్లో అందరమూ అంతేనమ్మా."

"వేరే డిస్క్‌లో ఒక కాపీ పెట్టుకుంటే ఏమైతుండె అన్నా?"

"తీసేసినా అని మాటిచ్చి వేరే డబ్బాలో దాచిపెడితే దొంగతనం గదమ్మా? బుట్టలో ఉంటే తీసేసినట్టే. అది ఆడ ఉండేది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు."

అందరికీ కాపీ పెట్టుకోండి, కాపీ పెట్టుకోండి అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. కాపీ పెట్టుకోవడం తప్పనుకునే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. పారేసిన చోటునే నమ్మకంగా దాచుకునే చోటు చేసుకున్నారు వీళ్లు. ఇచ్చినమాటా నిలబడుతుంది, పనీ జరుగుతుంది. ఆ ఏర్పాటులో ఎక్కడా లేనిది ఆ బుట్టను ఖాళీ చేసే మనిషి. ఆ మనిషిని నేనయ్యాను.

"అన్నా, మిషన్ ఆపెయ్. ప్లగ్ పీకెయ్. నేనొస్తాండా" అని, బండి కదిలే లోపల సంచి పట్టుకుని దిగేశాను.

వెనక్కి పోయే బస్సు కోసం పెనుకొండ రోడ్డు మీద నిలబడ్డాను. ఎదురుగా కొండ, నెత్తిన ఎండ. బుట్టలోంచి తీసేసినా డిస్క్ మీద ఆ బొమ్మలు కొంతకాలం అలాగే ఉంటాయి. వాటి మీద ఇంకొకటి రాసేదాకా ఉంటాయి. వెతికి పైకి తీయొచ్చు. కానీ నేను బుట్ట ఖాళీ చేసింది ఎందుకు? ఆ జాగాలో అప్‌డేట్ ఎక్కించడానికి. ఎక్కించాను కూడా. మొదట వేరు పీకి, తర్వాత దాని మీద బండ వేశాను.

ఆ పెనుకొండలోనే ఒక ఫొటో స్టూడియో ఉంది. కొన్నేళ్ల కింద అక్కడ నా చేతి పొరపాటున ఎవరిదో పెళ్లి ఫొటోలు పోయాయి. అప్‌డేట్ మింగేసిందని చెప్పాను. స్టూడియో ఆయన నమ్మి, అప్‌డేట్‌ను నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నాడు. మా పనిలో ఆ మాట అందరం వాడతాం. ఎవరూ ఎదురు అడగరు, ఎందుకంటే అప్‌డేట్ అంటే అందరికీ ముందే కోపం. పెళ్లి ఫొటోల వాళ్లు ఎవరో, ఏమన్నారో నేను ఆ తర్వాత ఆలోచించనే లేదు. ఆ రోజు బస్సు వచ్చేదాకా ఆలోచించాను. సిగ్గేసింది. అయినా నిజం చెబుతున్నాను, ధర్మవరం చేరేసరికి ఈసారి కూడా అదే మాట మీద నిలబడాలని నిశ్చయించుకున్నాను. ఆయన బతుకు పోయిన మాట అటుంచి, నా అంగడి పేరు పోతుందన్న భయమే పైకి తేలింది.

ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. డిస్క్ ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, పోయినవాటిని వెతికే ప్రోగ్రాం నడిపాను. ఒక్కొక్కటీ పైకి రావడం మొదలైంది. ఆయన నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తున్నాడు. కొన్ని పూర్తిగా వచ్చాయి. చాలావరకు సగం సగం వచ్చాయి. నెమలి తల ఉంటుంది, పింఛం మొదలైన చోటునుంచి అంతా బూడిద రంగు. గోపురం కొస ఉంటుంది, కింద గుడి ఉండదు. ఒకదాని దగ్గర ఆయన వేలు పెట్టి, "ఇది మూడు నెలలు గీసినా" అన్నాడు. నేను తెరమీంచి చూపు తిప్పుకోలేకపోయాను, ఆయన మొహం చూడాల్సి వస్తుందని.

సాయంత్రం ఒక శావుకారు వచ్చాడు. పెద్ద మగ్గాల వాడు. చేతిలో చినిగిన అట్ట. మగ్గం మీద చీర సగంలో ఆగిపోయింది, కొత్త అట్ట కొట్టివ్వమన్నాడు. ఈయన లేచి నిలబడ్డాడు.

"శావుకారీ, పొద్దున అప్‌డేట్ ఎక్కించినాం. అది డిజైన్లన్నీ మింగేసింది."

నేను చెప్పాల్సిన అబద్ధం ఆయనే చెప్పేశాడు. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నానని రాయడానికి కూడా ఇప్పుడు చేయి రావడం లేదు.

శావుకారు నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. "ఏమప్పా, నాకే కథలు చెప్తాండావా? పోయిన నెల నా అంచు ఇంకొకరి అంగట్లో చూసినా. నువ్వు అట్లా మనిషివి కాదని ఊరుకున్న్యా. ఇప్పుడు నా డిజైనే మాయమైపాయ అంటాండావు. ఎవరికి అమ్మినావు? చెప్పు."

"అట్ల ఎప్పుడన్నా చేసినానా శావుకారీ?"

"చేసినావో లేదో ఊరందరికీ తెలుస్తాది. రేపటినించి నీ గడప ఎవరు తొక్కుతారో చూస్తా."

అన్న చెవులు ఎర్రబడ్డాయి. చేతులు రెండూ తువ్వాలును పట్టుకుని నలుపుతున్నాయి. ధర్మవరంలో ఒకరి డిజైన్ ఇంకొకరికి ఇచ్చాడన్న మాట పుట్టిందంటే ఆ మనిషికి ఇక పని పుట్టదు. డిజైన్లు పోతే మళ్లీ గీసుకోవచ్చునేమో. గీయించుకునేవాడు రాకపోతే ఏం చేస్తాడు? ఇదంతా నాకు తెలుసు. ఆయన నావైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే, పాపం, చూసినందుకు నాకు కోపమొచ్చి ఉండేదేమో. చూడలేదు. అది భరించలేకపోయాను.

"శావుకారీ, ఆయన కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను పోగొట్టినా. చెత్తబుట్టలో ఏముందో చూడకుండా, ఈయనను అడగకుండా ఖాళీ చేసినా. అప్‌డేట్ ఏమీ మింగలేదు."

"నువ్వెవరమ్మా?"

"మెకానిక్‌ని. రాండి, ఇట్ల వచ్చి చూడండి. మీదొక్కటే కాదు, ఊర్లో అందరివీ పోయినాయి. అమ్ముకునేవాడైతే ముందు దాచుకోడా? ఈయన దగ్గర ఒక్క కాపీ గూడా లేదు. మీకు మాటిచ్చినానని పెట్టుకోలేదంట."

శావుకారు వంగి తెర వైపు చూశాడు. సగం నెమళ్లు, సగం ఏనుగులు, తలల్లేని హంసలు ఒకదాని కింద ఒకటి పోతున్నాయి. అందులో ఆయనకు తెలిసినవి చాలానే ఉన్నట్టున్నాయి. చాలాసేపు చూసి ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

"ఎంత పని చేస్తివి తల్లీ" అన్నాడు.

అంతకంటే పెద్ద తిట్టు నాకు ఎవరూ తిట్టలేదు.

ఆలోగా అన్న ఆ చినిగిన అట్టను బల్ల మీద పరిచాడు. దానికి ముందుదీ తర్వాతదీ కూడా తెప్పించమన్నాడు. శావుకారు ఫోన్ చేస్తే మగ్గం దగ్గరినుంచి ఎవరో తెచ్చిచ్చారు. ఆ రెండింటి నడుమ చినిగిన ముక్కలు పేర్చి, లేని భాగంలో బొమ్మ ఎట్లా నడిచి ఉంటుందో కళ్లు మూసుకుని ఆలోచించి, పాతకాలపు చేతి పంచ్‌తో ఒక్కో చిల్లూ కొట్టాడు. కొత్త ప్రోగ్రాం, అప్‌డేట్, నేను, అన్నీ పక్కనే ఉన్నాం. ఏవీ అక్కర్లేకపోయాయి.

శావుకారు అట్ట తీసుకుని గడప దాటుతూ ఆగాడు. "మగ్గం దిగినాక మొత్తం అట్టలు పంపిస్తా. చూసుకుని మళ్లా ఎక్కించుకో. ఎక్కించినాక నన్ను పిలువు. నా ముందరే తీసెయ్యాల" అన్నాడు. సరే శావుకారీ అన్నాడు ఈయన.

ఆ అట్టలే మిగిలిన దారి. కొట్టిచ్చిన ప్రతి డిజైనూ ఏదో ఒక మగ్గం మీదో, అటక మీదో అట్టలుగా ఉంది. వాటిని చూసి చిల్లు చిల్లు మళ్లీ తెర మీదికి ఎక్కించాలి. అది ఎవరి పనో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆదివారం అంగడి మూసేసి ధర్మవరం బండెక్కడం మొదలుపెట్టాను. ఆయన అట్ట పట్టుకుని చదువుతాడు. "మూడు చిల్లులు, రెండు ఖాళీ, ఒక చిల్లు, అయిదు ఖాళీ." నేను గడులు నింపుతాను. ఒక అంచు పూర్తవడానికే చాలా వారాలు పట్టింది. ఇప్పటికీ అయినవాటికంటే కావలసినవే ఎక్కువ. ఆరుగురు శావుకార్లు అట్టలు పంపారు. ఒకాయన పంపను పొమ్మన్నాడు.

అయిదో ఆదివారమో ఆరో ఆదివారమో, ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట బయటికి వచ్చింది.

"అన్నా, ఆ పొద్దు ఫోన్లో నేను అబద్ధం చెప్పినా. అప్‌డేట్ ఒక్కోసారి అట్ల చేస్తాదని."

"తెలుసు" అన్నాడు, చేతిలో అట్ట దించకుండానే.

"తెలుసా?"

"జాగా లేదని గదమ్మా అది నాలుగుసార్లు దిగింది. మళ్లా జాగా యాడనించి వచ్చె? ఆమాత్రం తెలీకుండా ఇన్నేండ్లు దీని ముందర కూర్చున్నానా?"

ఎట్లాగో అడిగాను. "మరి నువ్వు ఖాళీ చేసినావా అని నన్నే అడగాల్సింది గదన్నా?"

"అడిగుంటే లేదు అనేదానివి."

అవును, అనేదాన్ని.

"లేదని ఒకసారి నోటితో అన్నాక, శావుకార్ల ముందర గూడా లేదనే అనాల్సొచ్చేది నీకు. అందుకే అప్‌డేట్ సంగతి అడిగితి."

"శావుకారుకు మాత్రం నువ్వన్నా చెప్పుండొచ్చు గదా. నీ పేరు పోతాంటే గూడా అప్‌డేట్ అనే అంటివే?"

"అది నీ మాట, నువ్వే చెప్పాల. నేనెట్ల చెప్తా?"

నేను ఏడ్చాను. ఆపుకోలేదు. ఆయన అట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. నేను కళ్లు తుడుచుకుని తెర వైపు తిరిగాక, ఎక్కడ ఆగామో వేలితో వెతుక్కుని, "రెండు చిల్లులు, నాలుగు ఖాళీ" అన్నాడు.